అరగదీయక ముందే అడగండి

పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇబ్బంది ఏమిటో చెప్పరు, నేరుగా వైద్యం పేరు చెబుతారు. "డాక్టరుగారూ, వినీర్లు వేయించుకుందామనుకుంటున్నా." "ఇంప్లాంటుకి ఎంతవుతుందండీ?" "నాలుగు క్యాపులు వేసెయ్యండి, పెళ్లి దగ్గరపడింది." ఏ వీడియో చూశారో, ఏ పెదనాన్న చెప్పాడో, నిర్ణయం ఇంట్లోనే అయిపోయి ఉంటుంది. ఇక మిగిలింది రేటు మాట్లాడుకోవడమే. కానీ పళ్ల విషయంలో రేటుకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ పని చేయించుకున్నాక నచ్చకపోతే మళ్లీ మొదటికి రాగలమా, లేదా?

పంటి పైపొర పేరు ఎనామిల్. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికే పని ముగించుకుని పోతాయి. చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, అరగదీసిన ఎనామిల్ మాత్రం మళ్లీ రాదు. అందుకని ఈ అధ్యాయంలో చికిత్సల్ని ఖరీదు వరసలో చెప్పడం లేదు. వెనక్కి తీసుకోగలిగినవి ముందు, తీసుకోలేనివి తర్వాత. చాలామందికి మొదటి ఒకటి రెండు మెట్లతోనే పని అయిపోతుంది.

రంగు సంగతి

టీ, కాఫీ, పాన్, జర్దా మరకలు చాలావరకు పైపైవే. గారతో కలిసి పేరుకున్న ఈ మరకలకు మందు స్కేలింగ్, అంటే మామూలు క్లీనింగ్. అది చేయిస్తే పళ్లు వదులైపోతాయని మన ఊళ్లలో గట్టి నమ్మకం. నిజానికి అలా కదిలే పన్ను చిగుళ్ల జబ్బుతో ఎముక తగ్గి ఎప్పుడో వదులైంది. సందుల్లో గడ్డకట్టిన గార దాన్ని పక్కవాటితో కలిపి పట్టి ఉంచింది. గార తీయగానే అసలు సంగతి బయటపడుతుంది, నింద క్లీనింగ్ మీద పడుతుంది. క్లీనింగ్ అయ్యాక కొన్నాళ్లు పళ్లు జివ్వుమనడం మామూలు. అది తగ్గాక పగటి వెలుతురులో అద్దం చూసుకోండి. ఇంకేమీ అక్కర్లేదని అక్కడే తేలిపోవచ్చు.

అప్పటికీ పసుపు పోలేదనిపిస్తే బ్లీచింగ్. ఇందులో పంటిని అరగదీయరు. మీ పళ్ల కొలత తీసి పల్చటి ట్రే చేసిస్తారు. దాంట్లో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ చుక్కలు వేసుకుని రాత్రిపూట పెట్టుకోవాలి. అమెరికన్ దంతవైద్యులు హేవుడ్, హేమన్ ఈ పద్ధతిని 1989లో ప్రచురించారు. క్లినిక్‌లో లైటు పెట్టి గంటలో ముగించే పద్ధతికంటే ఇది నిదానం. నాకు మాత్రం ఇదే ఇష్టం. పళ్లు జివ్వుమంటే ఒక రాత్రి మానేయొచ్చు, ఇక చాలనుకున్న రోజు ఆపేయొచ్చు.

అయితే బ్లీచింగ్ తెల్లబరిచేది సహజమైన పంటినే. క్యాపు, ఫిల్లింగు రంగు మారదు. ముందు పళ్లలో ఒకదానికి పాత క్యాపు ఉంటే, చుట్టూ అన్నీ తెల్లబడి అదొక్కటే పసుపుగా మిగిలిపోతుంది. కాబట్టి ముందు బ్లీచింగ్, ఆ తర్వాత ఓ రెండు వారాలు ఆగి కొత్త ఫిల్లింగు, కొత్త క్యాపు. ఆ రెండు వారాలు ఎందుకంటే, మందులోని ఆక్సిజన్ పంటిలో మిగిలి ఉన్నంతకాలం అతికించిన పదార్థం గట్టిగా పట్టదు. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి లాంటివి తెల్లబరచవు, గీకుతాయి. ఎనామిల్ పల్చబడేకొద్దీ లోపలి పసుపు పొర ఇంకా బాగా కనిపిస్తుంది.

నల్గొండ, కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్ల మచ్చలు వేరు. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ మచ్చలవి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. తాగే నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే విధానానికి నల్గొండ పేరే పెట్టారు. ఈ మచ్చ పంటిమీద పడింది కాదు, చిన్నతనంలో చిగురు లోపల ఎనామిల్ తయారవుతున్నప్పుడే అందులో కలిసిపోయింది. ఎంత తోమినా పోదు. పిల్లవాడు సరిగా తోముకోవట్లేదని తిట్టే తల్లిదండ్రులకు ఈ మాట ముందు చెప్పాలి. బ్లీచింగ్ ఒక్కటే చేస్తే మొదట్లో తెల్లమచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించవచ్చు. గోధుమరంగు మచ్చ పైపైన ఉంటే మైక్రో అబ్రేషన్ అని, తేలికపాటి యాసిడ్ కలిసిన పొడితో పంటిమీద చాలా పల్చటి పొర తీస్తారు. సుద్దలాంటి తెల్లమచ్చల్లోకి ద్రవరూపంలో రెజిన్ ఇంకించే పద్ధతి కూడా ఉంది. వీటికి సాధారణంగా మత్తు సూది అక్కర్లేదు. ఇవి చాలకపోతే పంటిరంగు కాంపోజిట్ పూత. పంటి ముందు భాగానికి అతికించే పల్చటి తొడుగు, అంటే వినీర్ గురించి ఆలోచించాల్సింది ఆ తర్వాతే. ఫ్లోరోసిస్ మచ్చలతో వచ్చిన ఇరవై ఏళ్ల అమ్మాయికి మొదటిరోజే పది వినీర్ల లెక్క రాసిచ్చేవాళ్ల దగ్గర్నుంచి మర్యాదగా లేచి రావచ్చు.

వినీర్ల పుట్టుక తమాషాగా ఉంటుంది. 1930ల హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు సినిమా తారల పళ్లకు పల్చటి తొడుగులు చేసేవాడు. షూటింగ్‌కి ముందు అతికించి, అయ్యాక తీసేసేవాళ్లు. బాలనటి షిర్లీ టెంపుల్ పాలపళ్లు ఊడిన ఖాళీలు తెరమీద కనిపించకపోవడంలో ఆయన చేతిపని ఉంది. అంటే 'హాలీవుడ్ నవ్వు' పుట్టినప్పుడు సాయంత్రానికి తీసి డబ్బాలో పెట్టుకునేదే! ఎనామిల్‌ను యాసిడ్‌తో గరుకుగా చేస్తే రెజిన్‌ను గట్టిగా అతికించవచ్చని 1955లో దంతవైద్యుడు బ్యూనకోర్ చూపించాకే శాశ్వతంగా అతికించడం వీలైంది. ఇప్పటి వినీర్ మందం సుమారు అర మిల్లీమీటరు. దానికి చోటు కోసం చాలాసార్లు పంటి ముందు భాగాన్ని ఆ మేరకు తీయాలి. బాగా చేసినవి పది పదిహేనేళ్లు నిలుస్తాయి, కానీ జీవితాంతం రావు. ఇరవై నాలుగేళ్లకు వేయించుకున్నవాళ్లు బతుకులో ఇంకో మూడు నాలుగుసార్లు మార్చుకోవాల్సి రావచ్చు. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటుంటే ఆ గడువు ఇంకా తగ్గుతుంది.

అయినా వేయించుకోవాలనే అనుకుంటే, పన్ను ముట్టుకోకముందే మాకప్ చేసి చూపించమని అడగండి. మీ పళ్ల అచ్చు మీద ల్యాబ్‌లో మైనంతో కొత్త ఆకారం దిద్దుతారు. దాని మూసతో మీ పళ్లమీద తాత్కాలికంగా ఒక పూత వేస్తారు. మందు లేదు, సూది లేదు, అరగదీత లేదు. అద్దంలో చూసుకోండి, నాలుగు మాటలు మాట్లాడండి, ఫోనులో వీడియో తీసుకుని ఇంట్లో చూపించండి. నచ్చకపోతే డాక్టరు ఊడదీసేస్తారు. ఈ ఒక్క పని అడగడానికి మొహమాటపడకండి. "అదంతా అక్కర్లేదమ్మా, నేను చూసుకుంటాగా" అన్నారంటే అది మంచి గుర్తు కాదు.

వంకరపళ్లను క్యాపులతో వరసలో పెట్టడం గురించి నా మాట కటువుగానే ఉంటుంది. క్లిప్పులు పెడితే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. క్యాపులైతే వారంలో అయిపోతాయి. కానీ బాగా వంకరగా ఉన్న పంటిని క్యాపుకి తగ్గట్టు చెక్కాలంటే నరం దాకా పోవాల్సి వస్తుంది. అంటే ఏ రోగమూ లేని పంటికి రూట్ కెనాల్. పెళ్లికి మూడు వారాలే ఉంటే క్లీనింగ్ చేయించుకోండి, బ్లీచింగ్ చేయించుకోండి, మిగతాది పెళ్లయ్యాక క్లిప్పులతో చూసుకోవచ్చు. ఇప్పుడు క్లిప్పులకు బదులు పారదర్శకమైన ట్రేలు వచ్చాయి కాబట్టి అవతలివాళ్లకు కనపడుతుందన్న బెంగ కూడా తక్కువే.

క్యాపు రంగు ఎంచుకునే రోజు కాస్త జాగ్రత్త. డాక్టరు చేతిలో వీటా షేడ్ గైడ్ అని పదహారు పంటి నమూనాల పట్టీ ఉంటుంది. ఏ1, ఏ2, బీ1 అంటూ పేర్లు. నోరు తెరిచి కాసేపు కూర్చుంటే పళ్లు తడారి, ఉన్న రంగుకంటే తెల్లగా కనిపిస్తాయి. అందుకే రంగు చూడాల్సింది పని మొదలుపెట్టక ముందు, కూర్చోగానే. కుర్చీ మీది లైటు ఆర్పించి, కిటికీ దగ్గరికి వెళ్లి, లిప్‌స్టిక్ తుడుచుకుని చూడండి. తెల్లటి బీ1 ముచ్చటగా అనిపిస్తుంది. కానీ పక్కపళ్లు ముదురు రంగు ఏ3 అయితే ఫొటోల్లో ముందు కనిపించేది ఆ ఒక్క పన్నే.

ఊడిన పన్ను, ఊడదీయబోయే పన్ను

వెనక్కి రాని పనుల్లో మొదటిది పన్ను పీకించుకోవడమే. పుచ్చిపోయినా వేరు గట్టిగా ఉంటే రూట్ కెనాల్ చేసి క్యాపు వేస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. "దీన్ని కాపాడే వీలుందా?" అని ఎక్స్‌రే ముందు పెట్టుకుని అడగండి. తీయక తప్పదంటే, ఆ ఖాళీలో ఏం పెడతారో తీయించే రోజే మాట్లాడుకోండి. పన్ను తీసిన చోట దవడ ఎముక తరగడం మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి వెడల్పులో దాదాపు సగం పోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. "నొప్పి తగ్గిందిగా, తర్వాత చూద్దాం" అన్నవాళ్లకు ఐదేళ్ల తర్వాత ఎముక పొడి వేయాల్సిన అదనపు ఖర్చు అక్కడినుంచే వస్తుంది.

అన్ని ఖాళీలూ నింపాలా? అక్కర్లేదు. చిట్టచివరి దవడ పన్ను ఒకటి పోయి, మిగతావాటితో హాయిగా నములుతుంటే అలాగే వదిలేయొచ్చు. వెనక దవడ పళ్లు కొన్ని లేకపోయినా చాలామందికి తిండికి ఇబ్బంది ఉండదని నెదర్లాండ్స్‌కు చెందిన దంతవైద్యుడు కైజర్ 1981లోనే వాదించాడు. అయితే ఎదురుగా ఉన్న పన్ను ఆ ఖాళీలోకి దిగుతోందేమో, పక్కది ఒరుగుతోందేమో ఏడాదికోసారి చూపించుకోవాలి.

నింపాలనుకుంటే దారులు మూడు. తీసి పెట్టుకునే పన్ను చౌక. పక్కపళ్ల జోలికి దాదాపు పోదు, ఎప్పుడైనా మానేయొచ్చు. అన్నం తింటే కింద మెతుకులు చేరుతాయి, కొందరికి వికారం. బ్రిడ్జి అంటే అటూ ఇటూ ఉన్న రెండు పళ్లను అరగదీసి, వాటి ఆధారంతో మధ్యలో పన్ను వేలాడదీయడం. ఇంప్లాంట్ అంటే ఎముకలో టైటానియం స్క్రూ దించి, దానిపైన క్యాపు వేయడం. బ్రిడ్జా, ఇంప్లాంటా అన్న వాదన వచ్చినప్పుడు పక్కపళ్ల వైపు చూడండి. అవి ముట్టని ముత్యాల్లా ఉంటే వాటిని చెక్కడం నష్టం, ఇంప్లాంటే మేలు. అవి రెండూ ఇప్పటికే రూట్ కెనాల్ అయి క్యాపుకోసం ఎదురుచూస్తుంటే బ్రిడ్జి చక్కటి నిర్ణయం. అలాంటిచోట కూడా ఇంప్లాంటే గొప్పదని పట్టుబట్టడం ఫ్యాషన్ తప్ప వైద్యం కాదు.

స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రొనెమార్క్ అనే పరిశోధకుడు 1950ల మొదట్లో కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ చూడటానికి టైటానియం పరికరం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గొతెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే ఆయన కింది దవడలో తొలిసారి అలాంటి స్క్రూలు దించారు. 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లు, అవి ఆయనకు పనిచేశాయి. ఇంప్లాంట్ వ్యవహారమంతా ఈ అతుక్కోవడం మీదే ఆధారపడి ఉంది. దానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు కావాలి. ఎముక మెత్తగా ఉండే పైదవడకు ఎక్కువ కాలం. 'ఒక్కరోజులో పళ్లు' అన్న బోర్డులు అబద్ధం కావు, కానీ ఆ రోజు పెట్టేది చాలాసార్లు తాత్కాలికపు పన్ను. ఎముక గట్టిగా ఉన్నవాళ్లకే అది కుదురుతుంది.

అమెరికా నుంచి డిసెంబరులో మూడు వారాలకు వచ్చి అన్నీ ముగించుకుని పోదామనుకునే మనవాళ్లకు ఈ లెక్క ఇబ్బంది. ఈ రాకలో స్క్రూ వేయించుకోండి, వచ్చే రాకలో క్యాపు. ఇంప్లాంట్ కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరును కార్డు మీద అంటించి తీసుకోండి. డల్లాస్‌లో స్క్రూ వదులైతే అక్కడి డాక్టరుకి ఏ పనిముట్టు సరిపోతుందో చెప్పేది ఆ కార్డే.

ఇంప్లాంటుకి ముందు డాక్టరుకి చెప్పి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. షుగరుంటే నిన్నటి ఫాస్టింగ్ చీటీ కాదు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి రిపోర్టు తీసుకెళ్లండి. బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటును దాచకండి. పొగ రక్తప్రసరణను తగ్గిస్తుంది, స్క్రూ అతుక్కోకపోయే ముప్పు పెరుగుతుంది. ఎముకలు గుల్లబారాయని వారానికో మాత్రో, ఏడాదికో ఇంజెక్షనో వాడుతుంటే తప్పకుండా చెప్పండి. ఆ మందులు వాడేవాళ్లలో కొందరికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానదు. గుండెకోసం వాడే రక్తం పల్చబరిచే మాత్రలను సొంతంగా ఆపేయకండి. ఆపాలో వద్దో గుండె డాక్టరు, పళ్ల డాక్టరు మాట్లాడుకుంటారు.

'లైఫ్‌టైమ్ గ్యారంటీ' అన్నమాట వినగానే దేనికి అని అడగండి. చాలాసార్లు అది స్క్రూ లోహానికే. ఎముకకు, చిగురుకు, మళ్లీ చేసే ఆపరేషన్ ఫీజుకు కాదు. ఇంప్లాంటుకి పుచ్చు పట్టదు కానీ చుట్టూ చిగురు వాచి ఎముక కరిగే జబ్బు పడుతుంది. స్క్రూకి నరం లేదు కాబట్టి నొప్పి కూడా ఆలస్యంగా తెలుస్తుంది. సందుల్లో తిరిగే చిన్న బ్రష్షు, ఆరు నెలలకోసారి క్లీనింగ్ తప్పవు.

పూర్తి సెట్టు

పళ్లన్నీ పోయాక కట్టుడు పళ్ల సెట్టు చేయిద్దామంటే "నాకెందుకురా ఇంత ఖర్చు, ఇంకెన్నాళ్లు తింటాను" అనే అమ్మల దగ్గర పిల్లలు ఓడిపోతుంటారు. కానీ పళ్లు లేని మనిషి ముందు మానేసేది జొన్నరొట్టె, కూరగాయలు, పప్పుగింజలు. మెత్తటి అన్నం, బిస్కెట్లు మిగులుతాయి. షుగరున్నవాళ్లకు అది ఇంకో చిక్కు.

పైసెట్టు అంగిలికి గాలి పట్టులో నిలుస్తుంది. గొడవంతా కిందిదానితోనే. నాలుక నెడుతుంది, ఎముక తరిగిపోయి గట్టు ఉండదు. 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు కింది దవడకు రెండు ఇంప్లాంట్లు వేసి, సెట్టును వాటికి తగిలించడమే మొదటి ఎంపికగా ఉండాలని తీర్మానించారు. జాకెట్టు టిచ్ బటన్ లాగా సెట్టు టక్కున పట్టుకుంటుంది, రాత్రి తీసి కడుక్కోవచ్చు. ఇంప్లాంట్ల మీద పళ్లన్నీ శాశ్వతంగా బిగించేదానికంటే ఖర్చు చాలా తక్కువ. పెద్దవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే.

సెట్టు తయారీలో అందరూ తేలిగ్గా తీసుకునేది ట్రయల్ రోజు. ఆరోజు పళ్లు మైనంలో గుచ్చి ఉంటాయి, ఎటు కావాలంటే అటు జరపొచ్చు. తర్వాత గట్టిపడితే అంతే. ఇంట్లోవాళ్లను ఒకరిని వెంట తెచ్చుకోండి. ఒక పెద్దావిడ "పాలలా తెల్లగా పెట్టండి డాక్టరుగారూ" అని కూర్చుంది. పక్కనున్న మనవరాలు "అమ్మమ్మా, నీ ముఖానికి అంత తెలుపు నప్పదు, అందరికీ కట్టుడు పళ్లని తెలిసిపోతుంది" అంది. కాసేపటికి ఇద్దరూ ఒక మెట్టు కింది రంగు మీద రాజీపడ్డారు. అసలు పళ్లు ఎలా ఉండేవో చూడటానికి పాత ఫొటో తెమ్మంటే జనం పెళ్లిఫొటో తెస్తారు. మన పాత పెళ్లిఫొటోల్లో పన్ను కనపడేలా నవ్వినవాళ్లెవరు? ఏ తీర్థయాత్రలోనో నవ్వుతూ దిగింది వెతకండి. ట్రయల్ సెట్టు నోట్లో ఉండగా ఇంగ్లీషులో యాభై నుంచి డెబ్భై దాకా పైకి లెక్కపెట్టించండి. 'సిక్స్‌టీ సిక్స్' దగ్గర పళ్లు కటకటమని కొట్టుకుంటే సెట్టు ఎత్తు ఎక్కువైందన్నమాట. 'సీసా' అంటే ఈల వస్తే ముందుపళ్లు కాస్త జరగాలి. పెదవులు మూసి ఊరికే కూర్చున్నప్పుడు పైపళ్లూ కిందిపళ్లూ తగలకూడదు.

ఇంటికెళ్లాక మొదటి వారం మెత్తటివి, రెండు వైపులా కొంచెం కొంచెం పెట్టుకుని నమలాలి. జంతికలకు తొందరలేదు. రాత్రి తీసి నీళ్లలో వేయాలి. వేడినీళ్లలో వేస్తే వంకరపోతుంది. కొత్తది కుదిరినా పాతసెట్టు పారేయకండి, కొత్తది చేజారి విరిగిన రోజు అదే అన్నం తినిపిస్తుంది.

ఎక్కడ, ఎలా

రోడ్డు పక్కన గంటలో పళ్లు బిగించి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. పక్కపళ్లకు ప్లాస్టిక్ పోసి అతికిస్తారు. కింద చిగురు కుళ్లి, ఒక పన్నుకోసం వెళ్లినవాళ్లు నాలుగు పోగొట్టుకుంటారు. డబ్బు ఇబ్బందే అయితే డెంటల్ కాలేజీలు ఉన్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ కాలేజీలున్నాయి, జిల్లాల్లో ప్రైవేటువి ఉన్నాయి. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కనుసన్నల్లో చేస్తారు. తిరగాల్సిన రోజులు ఎక్కువ, ఖర్చు తక్కువ, తొందరపాటు ఉండదు. కట్టుడు పళ్లు, క్యాపులు, బ్రిడ్జిల్లో ఎండీఎస్ చేసినవాళ్లను ప్రాస్థోడాంటిస్టులంటారు. పెద్ద పనికి వాళ్లను అడగండి.

అంచనా కాగితం మీద రాయించుకోండి. ఇంప్లాంట్ రేటంటే స్క్రూ ఒక్కటేనా, పైన క్యాపు, ఆ రెంటినీ కలిపే మధ్య ముక్క, స్కాను, ఎముక పొడి కలిపా అన్నది అందులో విడివిడిగా ఉండాలి. మొత్తం ముందే కడితే డిస్కౌంటంటే వద్దనండి, ఏ దశకు ఆ దశ కట్టండి. ఎక్స్‌రే, స్కాను కాపీలు అడిగి తీసుకోండి, వాటికి మీరు డబ్బు కట్టారు. ఇంకో డాక్టరు అభిప్రాయానికి వెళ్లినప్పుడు మొదటాయన ఏం చేయాలన్నాడో, ఎంత అడిగాడో చెప్పకండి. ఫిల్ము చేతికిచ్చి, "ఈ పంటికి మీరైతే ఏం చేస్తారు?" అని అడిగి ఊరుకోండి.